ఒక బస్తాను ఎన్నిసార్లు ఎత్తాలి? కొనుగోలు కేంద్రాలు, మార్కెట్ యార్డులు నడిపే అధికారులకు ఒక హమాలీ బిడ్డ బహిరంగ లేఖ

ధాన్యం కొనుగోలు, మార్కెట్ యార్డులు, గోదాములు చూసే అధికారులకు, మార్కెట్ కమిటీల పాలకవర్గాలకు, రైస్ మిల్లర్లకు,

నమస్కారం.

నేను ఒక హమాలీ కూతుర్ని. మా నాయన ముప్పై ఏళ్లుగా బస్తాలు మోస్తున్నాడు. నేను మెకానికల్ డిప్లొమా చదివి, హైదరాబాద్ శివార్లలో ఆన్‌లైన్ షాపింగ్ సరుకు దాచే ఒక పెద్ద గోదాములో షిఫ్ట్ ఇన్‌ఛార్జిగా చేస్తున్నాను. వచ్చిన సరుకు దించడం, పేర్చడం, మళ్లీ తీసి బండి ఎక్కించడం, ఎక్కడున్నదీ లెక్క చూసుకోవడం నా ఉద్యోగం. చదువుకున్నవాళ్లు దీన్ని మెటీరియల్ హ్యాండ్లింగ్ అంటారు. మా నాయన చేసేదీ అదే పని. కాకపోతే నాకు దాని పేరు మీద జీతం వస్తుంది, ఆయనకు బస్తా లెక్కన కూలి వస్తుంది.

ఈ ఉత్తరంలో రాసినవి మేం కొత్తగా అడుగుతున్నవి కావు. మా ఊరి యార్డు ఆఫీసులో ఇప్పటికి మూడు అర్జీలు ఇచ్చాం. మొదటిదానికి ముద్ర కొట్టి ఒక కాపీ చేతికిచ్చారు. రెండోసారి వెళ్తే, "ఇప్పుడు సీజన్ నడుస్తోందమ్మా, అయిపోయాక చూద్దాం" అన్నారు. సీజన్ అయిపోయాక మూడోది పట్టుకెళ్తే, "సీజన్ అయిపోయింది కదా, ఇంకేం తొందర" అన్నారు. అందుకే ఇలా అందరి ముందు రాయాల్సి వచ్చింది. మా యార్డు పేరు రాయడం లేదు. ఎందుకంటే ఇది ఒక్క యార్డు సంగతి అని తీసిపారేయకూడదని.

పోయిన యాసంగి చివర్లో జరిగింది చెప్తాను. సాయంత్రం సన్నగా తుంపర పడుతోంది. లారీ ఆలస్యంగా వచ్చింది. తడిస్తే ధాన్యం పాడవుతుందని రైతులు తొందరపెడుతున్నారు, డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. నేల మీంచి లారీ డాలాకు, అంటే వెనక సరుకు పెట్టే భాగానికి, ఒక చెక్క ఆనించి ఉంది. తొమ్మిది అడుగుల పొడవు, ఒక అడుగు కూడా లేని వెడల్పు. ఏళ్ల తరబడి పాదాలు పడి పడి అద్దంలా నున్నబడిన చెక్క. పైకొసను పాత సైకిల్ ట్యూబుతో డాలా కొక్కేనికి కట్టారు. నాకు బాబాయి వరసయ్యే ఆయన గోనెసంచి కొప్పెర పెట్టుకొని, వీపు మీద బస్తాతో సగం పైకి ఎక్కాక కాలు జారింది. ఆయన ముందు పడ్డాడు, బస్తా ఆయన నడుం మీద పడ్డది. అదే లారీ కేబిన్‌లో పడుకోబెట్టి ఆస్పత్రికి తీసుకెళ్లారు. పది నెలలైంది, ఇప్పటికీ గోడ పట్టుకొని నడుస్తున్నాడు. ఆయన భార్య ఇప్పుడు అదే కేంద్రంలో తట్టలతో వడ్లు ఎత్తి సంచులు నింపుతోంది. ఆ చెక్క కూడా ఇంకా అక్కడే ఉంది.

దాన్ని అందరూ ప్రమాదం అన్నారు. నా ఉద్యోగంలో నేర్చుకున్నదాన్ని బట్టి చూస్తే అది రోజూ జరగడానికి సిద్ధంగా ఉన్నదే, ఆ రోజు జరిగింది. ఎందుకో కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

మా గోదాములో ఇరవై కిలోలు దాటిన ప్రతి పెట్టె మీద పసుపు రంగు స్టిక్కర్ ఉంటుంది: ఇద్దరు ఎత్తాలి. ఒక్కడే ఎత్తితే ఆ రోజు నేను సంజాయిషీ రాసుకోవాలి. ఇవి ఊరికే పెట్టుకున్న అంకెలు కావు. ఉద్యోగుల ఆరోగ్యం మీద పనిచేసే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ బరువులు ఎత్తడానికి ఒక లెక్క కట్టింది. అంతా అనుకూలంగా ఉంటే, అంటే బరువు ఒంటికి దగ్గరగా, నడుము ఎత్తులో, పట్టు బాగా దొరికేలా, అప్పుడప్పుడూ మాత్రమే ఎత్తేలా ఉంటే, ఒక మనిషికి 23 కిలోలు. అక్కడి నుంచి ప్రతి ఇబ్బందికీ కోత పడుతుంది. బరువు నేల మీద ఉంటే ఒక కోత. ఒంటికి ఒక మూర దూరంలో, అంటే దాదాపు 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకోవాల్సి వస్తే ఇంకో కోత. ఈ రెండిటితోనే 23 కాస్తా 11 కిలోలకు దిగుతుంది. పట్టు సరిగా దొరకని గోనెసంచికి, నిమిషానికి ఎన్నిసార్లు ఎత్తుతున్నారన్నదానికి, ఒళ్లు పక్కకు తిప్పినందుకు కోతలు ఇంకా మిగిలే ఉన్నాయి. ఈ లెక్క చేతులతో ఎత్తడానికి మాత్రమే, వీపు మీద మోయడానికి వర్తించదు, ఒప్పుకుంటాను. కానీ వీపు మీదికి వేసే ముందు ఆ 40 కిలోల సంచిని ఇద్దరు నేల మీంచి లేపాలి. తలా 20. సూత్రం చెప్పే బరువుకు అక్కడే దాదాపు రెట్టింపు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే ఒక మగ కార్మికుడి మీద 55 కిలోలకు మించి పెట్టొద్దని సిఫారసు చేసింది. "మనది 40 కిలోలే కదా" అని మా ఆఫీసులో ఒకాయన అన్నారు. 55 అనేది ఒకసారి మోసే బరువుకు పై హద్దు. మా నాయన ఒక బస్తా మోసి ఇంటికి రావడం లేదు. లారీకి సుమారు 500 బస్తాలు, అంటే 20 టన్నులు. లారీ ఎక్కించేది జట్టులోంచి పదిమంది. తలా 50 బస్తాలు, తలా రెండు టన్నులు. సీజన్లో రోజుకు మూడు లారీలు నింపిన రోజులున్నాయి. ఏప్రిల్, మే ఎండల్లో మనిషికి ఆరు టన్నులు.

సరే, మోత తప్పదనుకుందాం. మరి ఎన్నిసార్లు మోయాలి? అసలు చూడాల్సింది ఇక్కడే. నిరుడు సెలవు పెట్టి మూడు రోజులు కేంద్రంలో కూర్చొని ఒక బస్తా వెంట కళ్లు పెట్టుకొని చూశాను.

హార్వెస్టర్ కోసిన వడ్లు ట్రాక్టర్‌లో లూజుగా వస్తాయి. కల్లంలో రాశి పోస్తారు, ఆరబెడతారు, తేమ 17 శాతానికి దిగితే కాంటాకు టోకెన్ దొరుకుతుంది. అక్కడి నుంచి మొదలు. తట్టలతో ఎత్తి సంచిలో పోయడం ఒకటి. సంచిని కాంటా మీద పెట్టడం రెండు. కాంటా మీంచి దించి కుట్టే చోటికి జరపడం మూడు. మూతి కుట్టాక నెట్టు, అంటే బస్తాల దొంతర, దగ్గరికి మోసుకెళ్లి పేర్చడం నాలుగు. లారీ వచ్చాక నెట్టు విప్పి, చెక్క మీద నడిచి, ఎక్కించడం ఐదు. మిల్లు దగ్గర దించడం ఆరు. అక్కడ మూతి కోసి గుంతలో కుమ్మరించడం ఏడు.

లూజుగా వచ్చిన వడ్లు సంచిలోకి ఎక్కి, ఏడుసార్లు లేచి కూర్చొని, మళ్లీ లూజుగానే గుంతలో పడ్డాయి! గుంతలో పడ్డ మరుక్షణం బకెట్ ఎలివేటర్ వాటిని నాలుగంతస్తుల ఎత్తుకు తీసుకుపోతుంది. జల్లెడలు, పొట్టు తీసే యంత్రం, పాలిష్, ఎక్కడా మనిషి వీపు తగలదు. మిల్లు గేటు లోపల వడ్లు ఎలా నడవాలో అందరికీ తెలుసు. గేటు బయట మాత్రం తెలియనట్టు ఉంటాం. చట్టం కూడా అంతే. 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్‌లో గాయం అయ్యేంత బరువు ఎవరిచేతా ఎత్తించకూడదని రాశారు. అది ఫ్యాక్టరీకి. కల్లం ఫ్యాక్టరీ కాదు కదా.

ఎకరాకు 25 క్వింటాళ్లు పండాయనుకోండి. ఏడుసార్లు ఎత్తితే పదిహేడున్నర టన్నులు. ఒక్క ఎకరం వడ్లకు మనుషులు చేసే మోత అది. మీ రిజిస్టర్లలో తేమ శాతం ఉంటుంది, తాలు ఉంటుంది, ట్రక్ షీట్ నంబరు ఉంటుంది, ఎన్ని సంచులు ఇచ్చారు ఎన్ని తిరిగొచ్చాయి అన్నది ఉంటుంది. ఒక బస్తాను ఎన్నిసార్లు ఎత్తారన్న గడి మాత్రం ఏ రిజిస్టర్లోనూ నాకు కనిపించలేదు. (తరుగు కింద కోసే కిలోల సంగతి ఇక్కడ ఎత్తడం లేదు. దానికి వేరే ఉత్తరం కావాలి, అది రైతులు రాస్తారు.)

మెటీరియల్ హ్యాండ్లింగ్‌కు పది సూత్రాలని పుస్తకాల్లో ఉంటాయి. ప్లానింగ్ మొదలుకొని యంత్రం జీవితకాలం ఖర్చు దాకా. పదీ ఇక్కడ చెప్పను. మన కల్లానికి పనికొచ్చేవి మూడు నాలుగు.

ఒకటి, పని తగ్గించడం. బరువును దూరంతో హెచ్చిస్తే వచ్చేది పని. బరువు తగ్గించలేకపోతే దూరం తగ్గించాలి, రెండూ కుదరకపోతే ఎత్తే సార్లు తగ్గించాలి. యంత్రం కొనడం దీని తర్వాతే. మా నాలుగో ఎత్తు చూడండి, కాంటా నుంచి నెట్టుకు. లారీ టైముకు ఉంటే ఈ ఎత్తే ఉండదు, కాంటా నుంచి సరాసరి లారీలోకే. అంటే లారీ పంపే ఆఫీసులో ఒక ఫోన్ కాల్ ఆలస్యమైతే ఇక్కడ 500 బస్తాలు అదనంగా ఒకసారి లేస్తాయి. లారీల కాంట్రాక్టు ఒకరిది, కాంటా ఇంకొకరిది, మిల్లు మరొకరిది. ఎవరి ముక్క వాళ్లు బాగానే చేశామంటారు. అతుకులన్నీ హమాలీ వీపు మీద పడతాయి.

రెండు, ఎత్తుల సమానం. లారీ డాలా నేలకు నాలుగడుగుల ఎత్తులో ఉంటుంది. మన ప్లాట్‌ఫారాలు రెండడుగులు, కొన్నిచోట్ల అదీ లేదు. రైల్వే గూడ్స్ షెడ్డుకు వెళ్లి చూడండి. ప్లాట్‌ఫారం వ్యాగన్ నేలకు సమంగా ఉంటుంది, హమాలీ మెట్టు ఎక్కకుండా లోపలికి నడుస్తాడు. ఈ సంగతి తెల్లవాళ్ల కాలంలోనే తెలుసు. మనం సిమెంటు, ఇటుకలు పోసి కొత్త యార్డులు కట్టినప్పుడల్లా ఆర్చి గేటు కట్టాం, బోర్డు పెట్టాం, ప్రారంభోత్సవ ఫలకం పెట్టాం. లారీ వెనక్కి వచ్చి ఆగే చోట నాలుగడుగుల గట్టు మాత్రం కట్టలేదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క. 500 బస్తాలను లారీలో రెండు మీటర్ల ఎత్తుకు చేర్చడానికి కావలసిన శక్తిని కరెంటు మీటరు భాషలో చెప్తే యూనిట్‌లో తొమ్మిదో వంతు. మోటారు, బెల్టు తినేది కలుపుకున్నా ఒక యూనిట్ దాటదు. మరి పదిమంది ఎందుకంత అలిసిపోతున్నారు? మనిషి బస్తాను మాత్రమే ఎక్కించడు. బస్తా కన్నా బరువైన తన ఒంటిని కూడా ప్రతిసారీ ఆ చెక్క మీద ఎక్కించుకుంటాడు, దిగుతాడు, మళ్లీ ఎక్కుతాడు. బెల్టు అయితే బస్తాను మాత్రమే ఎత్తుతుంది. సిమెంటు, ఎరువుల గోదాముల దగ్గర చక్రాల మీద నడిచే వాలు కన్వేయర్ బెల్టులు మీరు చూసే ఉంటారు. వాటిలో పెద్ద రహస్యమేమీ లేదు.

మూడు, చక్రం. నున్నటి సిమెంటు నేల మీద నాలుగు బస్తాల ట్రాలీని, అంటే 160 కిలోల బరువును, తోయడానికి ఐదారు కిలోల తోపు సరిపోతుంది. అదే ట్రాలీ మా కల్లంలో మట్టిలో అడుగు కూడా కదలదు. నాలుగేళ్ల కింద మా యార్డుకు రెండు ట్రాలీలు వచ్చాయి. ఇప్పుడు ఒకటి చెట్టు కింద బోర్లా పడి ఉంది, ఇంకొకదాని మీద వాచ్‌మన్ బట్టలు ఆరేస్తున్నాడు. "ఇచ్చినా వీళ్లు వాడరు" అని ఆఫీసులో చెప్పుకుంటారట. చక్రం ఇచ్చి దారి ఇవ్వకపోతే ఎవరు మాత్రం ఏం వాడతారు?

నాలుగు, మూట కట్టడం. విడివిడిగా కదిలే సరుకును ఒకటిగా చేసి కదిలిస్తే పని తగ్గుతుంది. 1956 ఏప్రిల్ 26న ఐడియల్ ఎక్స్ అనే ఓడ అమెరికాలోని నెవార్క్ నుంచి హ్యూస్టన్‌కు 58 అల్యూమినియం పెట్టెలతో బయల్దేరింది. నేటి కంటైనర్ల వ్యాపారం అక్కడ మొదలైందని చెప్తారు. మూటలు మూటలుగా ఓడ ఎక్కించే పని ఒక పెట్టెను ఎత్తే పని అయిపోయింది. మా గోదాములో ఇదే పని చెక్క ప్యాలెట్లు చేస్తాయి: నలభై యాభై పెట్టెలు ఒక ప్యాలెట్ మీద, దాని కింద దూరే హ్యాండ్ జాక్ ఒకటి, ఒక మనిషి. రెండు టన్నుల దాకా ఒక్కడే లాక్కుపోతాడు. వడ్లకు ఇంతకన్నా సులువైన దారి ఉంది. వడ్లు నీళ్లలా పారతాయి. వాటికి మూట అక్కర్లేదు. మిర్యాలగూడ వైపు సన్నాలు నేరుగా మిల్లుకు అమ్ముకునే రైతులు ట్రాక్టర్‌లో లూజుగానే తీసుకెళ్తారు, వేబ్రిడ్జి మీద తూకం వేయించి దింపుతారు. సర్కారు కొనే వడ్లకు మాత్రం సంచి తప్పదంటారు. కొన్ని మిల్లుల్లో బస్తాలు నెలల తరబడి నెట్లు కట్టి ఉంచాలి, అక్కడ సంచి కావాలి. చిన్న రైతుల వడ్లు కలిసిపోకూడదన్నదీ నిజమే. వచ్చిన వెంటనే మర పట్టే మిల్లుకు, ఒక ట్రాలీ నిండే రైతుకు కూడా సంచి ఎందుకో నాకు అర్థం కాలేదు.

ఇప్పుడు మీరు అడగబోయేది నాకు తెలుసు. యంత్రాలొస్తే హమాలీల గతేంటి? ఈ మాట మొదట అన్నది మా నాయనే. అర్జీ మీద సంతకం పెట్టమంటే కాగితం పక్కన పెట్టి, "చక్రాలొస్తే మా కూలి ఎవడిస్తడు బిడ్డా? నడుం పోతే పోయింది, పొట్ట పోతే ఎట్ల?" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాకు జీతమిచ్చే గోదాములో ముప్పైమంది చేసే పనిని ఇప్పుడు పన్నెండుమంది చేస్తున్నారు. మిగతావాళ్లు ఎక్కడికి పోయారో నాకు తెలియదు. కాబట్టి ఈ భయాన్ని చదువు లేకపోవడం కింద కొట్టేయకండి.

దీనికి దారి దొరకదని కూడా అనుకోను. అమెరికా పడమటి తీరంలో ఓడల కూలీల యూనియన్, కంపెనీలు 1960లో ఒక ఒప్పందం చేసుకున్నాయి. యంత్రాలకు యూనియన్ ఒప్పుకుంది. యంత్రాల వల్ల మిగిలే డబ్బులో కొంత కంపెనీలు నిధిగా కట్టాయి. వయసు మళ్లినవాళ్లు ముందే రిటైరయ్యేందుకు, పని తగ్గినా కూలి పూర్తిగా పడిపోకుండా ఉండేందుకు ఆ నిధి వాడారు. అందరికీ న్యాయం జరిగిందని చెప్పను, కొత్తగా చేరాలనుకున్న పిల్లలకు పనులు తగ్గాయి. కానీ పాతవాళ్లను రోడ్డు మీద పడేయలేదు. అంత దూరం దేనికి, 1969లో మహారాష్ట్ర మాథాడీ హమాలీల చట్టం తెచ్చి, వాళ్ల కూలి, సంక్షేమం చూసే బోర్డులు పెట్టింది. మన ఉమ్మడి రాష్ట్రంలోనూ 1976లో ముఠా, జట్టు, హమాలీ కార్మికుల సంక్షేమానికి చట్టం చేశారు. మా జట్టులో ఆ చట్టం పేరు విన్నవాళ్లు ఒక్కరు కూడా లేరు. నాకూ ఈ ఉత్తరం కోసం వెతికితేనే తెలిసింది.

ఇలాగే వదిలేస్తే ఏమవుతోందో, ఎవరికవుతోందో రాస్తున్నాను.

1. హమాలీకి నలభై ఐదు దాటాక నడుము, మోకాళ్లు, మెడ. మా వాడలో ఆ వయసు హమాలీ ఎవరింటికి వెళ్లినా గూట్లో నొప్పి బిళ్లల స్ట్రిప్పు ఉంటుంది. జట్టులో వేగం తగ్గితే జట్టువాళ్లే మెల్లగా పక్కన పెడతారు. కూలి అందరూ పంచుకునేది కాబట్టి వాళ్లనూ అనలేం. పింఛను లేదు, పీఎఫ్ లేదు.

2. రైతు లారీ కోసం, కాంటా కోసం కల్లంలో రాత్రుళ్లు పడుకుంటాడు. వాన వస్తే టార్పాలిన్ కోసం పరుగు. తడిసిన వడ్లు మొలకెత్తితే తేమ పేరు మీద మళ్లీ వెనక్కి. లారీ ఎక్కించడంలో పోయే ప్రతి గంటా ఆఖరికి ఆయన నిద్రలోంచి పోతుంది. చాలాచోట్ల హమాలీ కూలి కూడా ఆయన జేబులోంచే.

3. సంచులు నింపేది, ఊడ్చేది, కుట్టేది ఎక్కువగా ఆడవాళ్లు. వాళ్లు ఎత్తే తట్టల లెక్క ఎవరూ పెట్టలేదు. నేను కూడా నా మూడు రోజుల్లో సరిగా పెట్టలేకపోయాను, అంత వేగంగా ఎత్తుతారు. దుమ్ముకు కొంగు తప్ప ముక్కుకు ఇంకో అడ్డం లేదు.

4. ఇనుప కొక్కేలతో లాగినప్పుడల్లా గోనె చిరుగుతుంది, వడ్లు రాలతాయి. ఏడుసార్లు లేపితే ఏడు చోట్ల రాలతాయి. తక్కువ తూకం వచ్చిందని మిల్లు దగ్గర గొడవ మొదలయ్యేది ఇక్కడే. అది చివరికి రైతు ఖాతాలో కోత.

5. డ్రైవర్లు మిల్లు ముందు ఒక రోజు, కేంద్రం ముందు ఒక రోజు ఆగిపోతారు. ఆగిన లారీ మరో ఊరి కల్లానికి అందదు.

మేం అడుగుతున్నవి ఇవి. వీటిలో సగానికి పెద్ద బడ్జెట్ అవసరం లేదు, ఒక సంతకం చాలు.

1. వచ్చే సీజన్ మొదలయ్యేలోపు ప్రతి కేంద్రంలో నున్నబడిన చెక్కలను తీసేయాలి. కనీసం రెండడుగుల వెడల్పు, అడ్డపట్టీలు కొట్టిన, పైకొసకు ఇనుప కొక్కేలున్న ర్యాంపు చెక్క పెట్టాలి. తడిసినప్పుడు దాని మీద గోనె పరిచే బాధ్యత ఎవరిదో పేరు పెట్టి రాయాలి. ఇది ఊళ్లో వడ్రంగి రెండు రోజుల్లో చేసే పని.

2. ప్రతి యార్డులో, ప్రతి పెద్ద కొనుగోలు కేంద్రంలో ఒక బస్తా మొదటి నుంచి చివరి దాకా ఎన్నిసార్లు లేస్తుందో, ఎంత దూరం నడుస్తుందో లెక్కపెట్టి బోర్డు మీద రాయాలి. తేమ మిషన్ పక్కనే రాయండి. లెక్కపెట్టేటప్పుడు జట్టు మేస్త్రీని పక్కన ఉంచుకోండి, ఆఫీసులో కూర్చొని నింపొద్దు.

3. కొత్తగా కట్టే ఏ ప్లాట్‌ఫారమైనా ఒక పక్క లారీ డాలా ఎత్తుకు ఉండాలి. పాతవాటికి వాలు గట్టు కట్టాలి. కాంటా నుంచి ఆ గట్టు దాకా ట్రాలీ నడిచేంత వెడల్పున సిమెంటు దారి వేయాలి. దారి వేశాకే ట్రాలీలు కొనండి. ముందు కొంటే వాచ్‌మన్ బట్టలకు ఇంకో రెండు దండేలవుతాయి.

4. వాలు కన్వేయర్ బెల్టులు కొంటే వాటిని కాంట్రాక్టరుకు ఇవ్వకండి. హమాలీల సంఘానికి సబ్సిడీ మీద ఇవ్వండి. బెల్టు వాళ్లదైతే అద్దె వాళ్లదే, కూలి వాళ్లదే. అప్పుడు మా నాయన సంతకం కోసం నేను బతిమాలాల్సిన పని ఉండదు.

5. కూలి రేటు బస్తాకు కాకుండా క్వింటాలుకు కట్టాలి. బస్తాకు రేటున్నంత కాలం సంచి చిన్నదైతే ఇచ్చేవాడికి నష్టం, పెద్దదైతే మోసేవాడికి నష్టం. రేటు మారాక సంచి బరువు మీద మాట్లాడుకుందాం. మా తాత క్వింటాలు సంచులు మోశాడు, అవి పోయాయి. యూరియా బస్తా 2018లో 50 నుంచి 45 కిలోలకు మారింది. అది హమాలీ కోసం మార్చింది కాదు, పొలంలో వాడకం తగ్గాలని మార్చారు. ఏ కారణంతో మార్చినా, సంచి బరువు దేవుడు రాసింది కాదని తేలింది కదా.

6. ఒక్క సీజన్, ఒక్క మండలం, ఒక్క మిల్లు. వేబ్రిడ్జి ఉన్నచోట లూజు వడ్లను ట్రాలీలో నేరుగా గుంతకు పంపి చూడండి. తేమ, తాలు కల్లంలోనే రైతు కళ్ల ముందే చూసి చీటీ ఇవ్వాలి, మిల్లు దగ్గర మళ్లీ బేరం పెట్టకూడదు. అది గట్టిగా చెప్పలేకపోతే ఈ ప్రయోగం మొదలుపెట్టకండి, రైతు ఇంకా చిక్కుకుపోతాడు. ఆ మండలం హమాలీలకు ఆ సీజన్లో తగ్గిన కూలి నిండేలా ముందే ఒప్పందం రాసివ్వాలి.

7. ప్రతి హమాలీకి, సంచులు నింపే ప్రతి మహిళకు గుర్తింపు కార్డు, ప్రమాద బీమా, నడుము పోయినవాళ్లకు పింఛను. 1976 చట్టం ఇప్పుడు ఏ స్థితిలో ఉందో, దాని కింద మాకు రావలసినవేమిటో తెలుగులో రాసి యార్డు గోడకు అంటించండి.

8. నీడ, నీళ్లు, గంటకోసారి పది నిమిషాలు కూర్చునే వీలు. ఇది రాయాల్సి రావడమే సిగ్గుగా ఉంది.

మిల్లర్లకు ఒక మాట. మీ మిల్లులో బేరింగ్ వేడెక్కితే మిషన్ ఆపేస్తారు, గ్రీజు పెడతారు, మెకానిక్‌ను పిలుస్తారు. దించే చోట కూడా ఒక షెడ్డు, నాలుగడుగుల గట్టు కట్టండి. మీ గేటు ముందు లారీలు తొందరగా కదిలితే మీకూ లాభమే.

తోటి హమాలీలకు కూడా. పడిపోయినవాణ్ని ఆస్పత్రికి తీసుకెళ్లి, మర్నాడు అదే చెక్క ఎక్కుతున్నాం. ఈసారి కాంటా మొదలైన రోజు ముందు చెక్క చూడండి. బాగోలేకపోతే లారీ ఎక్కించేది లేదని జట్టంతా ఒక్క మాట మీద ఉండండి. రైతులకు మీరే చెప్పండి, వాళ్లు అర్థం చేసుకుంటారు. కల్లంలో మనతో పాటు తడిసేది వాళ్లే.

ఈ ఉత్తరం కాపీని మా యార్డు ఆఫీసులో నాలుగో అర్జీగా ఇస్తున్నాం. మొదటి డిమాండుకు నెల రోజుల్లో, మిగతావాటికి వచ్చే కొనుగోళ్లు మొదలయ్యేలోపు రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాం. ఏది కుదురుతుందో, ఏది కుదరదో, ఎందుకు కుదరదో రాయండి. జవాబు రాకపోతే మొదటి కాంటా రోజు ఆ పాత చెక్కను భుజాన వేసుకొని మీ ఆఫీసు మెట్ల మీద ఆనిస్తాం. ఎక్కి చూడమని అడుగుతాం. బస్తా మేమే తెస్తాం, 40 కిలోలది, కాంటా వేసి.

ఇట్లు,
ఒక హమాలీ బిడ్డ, జట్టులోని ఇరవై ఇద్దరి సంతకాలతో
(ఇరవై మూడోది మా నాయనది. నాలుగో డిమాండు చదివి వినిపించాక వేలిముద్ర వేశాడు.)